ఆర్కే బీచ్ నుంచి భీమిలి గ్రూప్ రైడ్: రుషికొండ దాటేసరికి గుంపు ఎందుకు విడిపోతోంది?

తెల్లారిబండి
డిసెంబరులో ఒక ఆదివారం మా కాలనీ నుంచి 14 మందిమి విశాఖ ఆర్కే బీచ్ దగ్గర బయల్దేరి, బీచ్ రోడ్డు మీదుగానే భీమిలి వెళ్లి రావాలనుకుంటున్నాం. రానూ పోనూ యాభై కిలోమీటర్ల పైచిలుకు. ఐదుగురికి గేర్ల సైకిళ్లు, ఏడుగురికి సింగిల్ స్పీడ్, ఇద్దరికి పాతకాలపు 28 అంగుళాల నల్ల సైకిళ్లు. వయసులు 13 నుంచి 61 దాకా.

పోయినసారి గ్రూపు రుషికొండ దాటేసరికి మూడు ముక్కలైంది. ముందువాళ్లు భీమిలిలో టిఫిన్ ముగించేసరికి వెనకవాళ్లు ఇంకా తిమ్మాపురం దగ్గరే ఉన్నారు. ఎవరూ ఎవర్నీ కావాలని వదిలేయలేదు. "నెమ్మదిగా వెళ్దాం" అని ముందే అనుకున్నారు కూడా. అయినా విడిపోతున్నారంటే ఎక్కడో లెక్క తప్పుతోంది. అదేంటో తెలిసినవాళ్లు చెప్పండి. సైకిళ్ల తయారీ, బయల్దేరే టైము, ఆగాల్సిన చోట్లు, అన్నీ చెప్పినా సంతోషమే.

కాకినాడకుర్రాడు
సింపుల్ అన్నా. గేర్ల సైకిళ్లు ఒక గ్రూపు, మిగతావి ఒక గ్రూపు. భీమిలిలో కలుసుకోండి. ఎవరి స్పీడు వాళ్లది.

చివరిమనిషి
అలా అయితే అది గ్రూప్ రైడ్ కాదు తమ్ముడూ, ఒకే రోజు ఒకే ఊరికి వెళ్లిన రెండు ప్రయాణాలు. 13 ఏళ్ల పిల్లలు, 61 ఏళ్ల పెద్దాయన ఉన్న గుంపులో పంచర్ సామాను, పంపు, అనుభవం అన్నీ గేర్ల సైకిళ్లవాళ్ల దగ్గరే ఉంటాయి. అవసరం వెనకవాళ్లకు.

తెల్లారిబండి గారూ, గ్రూపు విడిపోయేది ఎక్కువగా రెండు చోట్ల.

ఒకటి, స్పీడ్ బ్రేకర్లు. ముందున్నవాడు బ్రేకర్ దాటగానే మామూలు వేగం అందుకుంటాడు. అప్పటికి పద్నాలుగో మనిషి ఇంకా బ్రేకర్ ఎక్కను కూడా లేదు. అతను దాటేసరికి ముందు యాభై అరవై మీటర్ల ఖాళీ. దాన్ని పూడ్చాలంటే గట్టిగా తొక్కాలి. మళ్లీ ఇంకో బ్రేకర్, మళ్లీ గట్టిగా తొక్కుడు. లాసన్స్ బే నుంచి రుషికొండ దాకా బ్రేకర్లు, బండిని అదిరించే గీతల పట్టీలు, సిగ్నళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కేసుకోండి. ముందున్నవాడికి అది హాయైన పదహారు కిలోమీటర్ల వేగం. చివరివాడికి ఆగడం, పరిగెత్తడం, ఆగడం. రుషికొండకు కాళ్లు అయిపోతాయంటే అందుకే.

మందు ఒక్కటే. బ్రేకర్ దాటాక ముందున్నవాడు వేగం పెంచకుండా అలాగే నెమ్మదిగా పోవాలి. చివరి మనిషి దాటి "అందరూ!" అని అరవాలి. ఆ మాట ఒకరి నుంచి ఒకరికి ముందుదాకా అందాకే మామూలు వేగం.

రెండోది, ఆగే పద్ధతి. ముందువాళ్లు తెన్నేటి పార్కు దగ్గర ఆగి పది నిమిషాలు సేద తీరతారు. చివరివాళ్లు రాగానే "వచ్చేశారుగా, పదండి" అంటారు. విశ్రాంతి అవసరమైన మనిషికి ఒక్క నిమిషం కూడా దొరకదు. చివరి మనిషి వచ్చి కాలు కింద పెట్టిన దగ్గర్నుంచి ఐదు నిమిషాలు లెక్కపెట్టండి. ముందువాళ్లకు అది పదిహేను అయితే అవనివ్వండి.

తెల్లారిబండి
సరిగ్గా ఇదే జరుగుతోంది. రెండోది అసలు ఎవరికీ తట్టలేదు.

ఈశాన్యగాలి
చివరిమనిషి గారు చెప్పిన రెండూ నిజమే. మూడోది గాలి. మన తీరం తిన్నగా ఉత్తర దక్షిణాలుగా లేదు, నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా ఉంది. విశాఖ నుంచి భీమిలి వెళ్లడమంటే ఈశాన్యానికి ముఖం పెట్టి తొక్కడమే. డిసెంబరులో గాలి చాలా రోజులు ఆ వైపు నుంచే. అంటే వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వీపు మీద చెయ్యేసి తోసినట్టు ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో దీనికి తలకిందులు. నైరుతి వైపు గాలి వల్ల భీమిలి దాకా ఇట్టే వెళ్లిపోతారు, తిరిగి వచ్చేటప్పుడు ఎండా ఎదురుగాలీ కలిసి చంపుతాయి. వేసవిలో కొత్తవాళ్లు భీమిలిలో కూలబడేది ఇందుకే. వెళ్లేటప్పటి వేగం తమ బలం అనుకుంటారు.

తెల్లవారుజామున నేల వైపు నుంచి పల్చటి గాలి, లేదంటే గాలే ఉండదు. పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రం మీంచి మొదలవుతుంది. కాబట్టి ఉదయం ఎనిమిది లోపు ఎంత దూరం తొక్కితే అంత లాభం.

కాకినాడకుర్రాడు
ఎదురుగాలైతే లైనుగా ఒకరి వెనక ఒకరు పోతే సరిపోతుంది కదా. బలమైనవాళ్లు ముందు, బలహీనమైనవాళ్లు వెనక.

ఈశాన్యగాలి
బలహీనమైనవాళ్లను చివర పెడితేనే తెగిపోతారు. బ్రేకర్ల దెబ్బంతా తగిలేది అక్కడే. వాళ్లను మూడు, నాలుగు స్థానాల్లో పెట్టండి. గాలి చాటు దొరుకుతుంది, వేగంలో కుదుపులు తక్కువ. చివర బలమైనవాడు ఉండాలి, అంతరం వచ్చినా పూడ్చుకోగలడు కాబట్టి. ముందు ఒకడు, చివర ఒకడు, మధ్యలో కదులుతూ ఒకడు, ఈ ముగ్గురూ గేర్ల సైకిళ్లవాళ్లే.

చివరిమనిషి
దీనికి నా ఓటు. కాకపోతే కొత్తవాళ్లను గాలి చాటు కోసం చక్రానికి చక్రం అతుక్కుని పోనివ్వకండి. ముందున్నవాడి వెనక చక్రం పక్కకు మీ ముందు చక్రం వచ్చిందంటే, అతను కొంచెం పక్కకు జరిగినా పడేది మీరే. అతనికి ఏమీ కాదు. అలవాటు లేనివాళ్లకు ఒక సైకిలు పొడవు, అంటే దాదాపు రెండు మీటర్లు. కళ్లు ముందున్న చక్రం మీద కాదు, ముందున్న మనిషి భుజాల మీదుగా రోడ్డు మీద ఉండాలి.

వాల్వురబ్బరు
14 మంది ఒకే లైను పెట్టకండి. లెక్క చూడండి. ఒక్కో సైకిలు 1.8 మీటర్లు, మధ్యలో మూడేసి మీటర్ల ఖాళీ అనుకుంటే మొత్తం 64 మీటర్ల లైను. డివైడర్ లేని చోట బస్సు అంత పొడవును ఒక్కసారిగా దాటలేదు, సగంలో మీ మధ్యలోకి దూరుతుంది. ఏడుగురేసి రెండు లైన్లు చేస్తే ఒక్కోటి ముప్పై మీటర్లు. రెండింటి మధ్య వంద మీటర్లు వదలండి. బస్సు ఒక లైను దాటి, ఎడమకు వచ్చి, రెండోది దాటుతుంది.

తెల్లారిబండి
మొత్తానికి వేగం ఎంత పెట్టుకోవాలి? నల్ల సైకిళ్లు తొక్కే ఇద్దరూ "మేం ఆపకుండా తొక్కుతాం, మాకోసం తగ్గించకండి" అంటున్నారు.

వాల్వురబ్బరు
వాళ్లన్నది నిజమే. చైను తిరిగే చక్రాలకు ముందు 44 పళ్లు, వెనక 18 పళ్లు ఉన్న సైకిలు పెడల్ ఒక చుట్టుకి 5.3 మీటర్లు పోతుంది. నిమిషానికి 50 చుట్లు తిప్పితే గంటకు 16 కిలోమీటర్లు. వాళ్లకు అదే సుఖమైన వేగం. అదే వేగానికి గేర్లున్నవాళ్లు ముందు 34, వెనక 22 లాంటి తేలిక గేరు వేసుకుని నిమిషానికి 80 దాకా తిప్పొచ్చు. మోకాళ్ల మీద బరువు పడదు.

కష్టం చదునులో రాదు, ఎత్తులో వస్తుంది. తెన్నేటి పార్కు ముందు, రుషికొండ దగ్గర రోడ్డు లేస్తుంది. అక్కడ సింగిల్ స్పీడ్ సైకిలు వేగం తగ్గితే ఆగిపోతుంది, కాబట్టి వాళ్లు ఊపుతో ఎక్కాలి. గేర్లవాడు ముందు నెమ్మదిగా ఎక్కుతూ అడ్డు ఉంటే వాళ్ల ఊపు పోతుంది. ఎత్తు మొదలయ్యే ముందు సింగిల్ స్పీడ్‌వాళ్లను ముందుకు వదలండి. పైన అందరూ కలుసుకోండి.

కాకినాడకుర్రాడు
ఇది బాగుంది. ఎత్తులో మేం వెనకా, వాళ్లు ముందూ.

గోస్తనిగట్టు
భీమిలి మనిషిని. రోడ్డు సంగతి చెప్తా.

వెళ్లేటప్పుడు సముద్రం మీకు కుడి వైపు, మీరు ఎడమ అంచున, అంటే కొండల వైపు ఉంటారు. ఫోటో కోసం ఆగాలంటే 14 మందీ రోడ్డు అడ్డంగా దాటాలి, డివైడర్ ఉన్న చోట సందు వెతుక్కోవాలి. కాబట్టి వెళ్లేటప్పుడు ఫోటోలు వద్దు. తిరుగు ప్రయాణంలో సముద్రం మీ ఎడమ పక్కనే ఉంటుంది, ఎక్కడంటే అక్కడ రోడ్డు దిగి ఆగొచ్చు.

తిరుగుదారిలో రెండు జాగ్రత్తలు. గాలికి కొట్టుకొచ్చిన ఇసుక సముద్రం వైపు అంచున పేరుకుంటుంది, అంటే మీరు తొక్కే పక్కనే. తారు మీద పల్చగా పరుచుకుని ఉంటే కనబడదు. ఇసుక మీదికి వచ్చేశాక బ్రేకు నొక్కొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు. తిన్నగా పోనిచ్చి దాటాక సర్దుకోండి. రెండోది, పది దాటాక సముద్రపు గాలి ఎడమ నుంచి కొట్టి మిమ్మల్ని రోడ్డు మధ్యకు నెడుతుంది. ఇంటి చాటునో చెట్ల చాటునో పోతూ ఒక్కసారి ఖాళీ చోటుకు వచ్చినప్పుడు తోపు ఎక్కువ. అక్కడ పిల్లల్ని అంచు నుంచి మరీ దూరంగా పోనివ్వకండి, వెనక పెద్దవాళ్లు ఒకరు అరమీటరు కుడికి జరిగి కాచుకోండి.

ఈశాన్యగాలి
దీనికి ఒక మాట కలుపుతా. వేసవిలో సూర్యుడు ఈశాన్యం వైపు జరిగి లేస్తాడు. బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు వచ్చే కార్లవాళ్లకు పొద్దున్నే ఎండ సూటిగా కళ్లలో పడుతుంది, మీరు వాళ్లకు నల్లటి నీడలా మాత్రమే కనిపిస్తారు. డిసెంబరులో సూర్యుడు కుడి పక్కకు పోతాడు కాబట్టి ఆ బాధ తక్కువ. అయినా వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలిగించే ఉంచండి.

డాక్టరమ్మ_సైకిలు
లైట్ల మాట వచ్చింది కాబట్టి. డిసెంబరులో విశాఖలో సూర్యోదయం 6.20 ప్రాంతంలో. మీరు 5.45కి బయల్దేరితే అరగంట చీకట్లో తొక్కుతారు. ప్రతి సైకిలుకీ ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు ఉండాలి. వెలిగి ఆరే లైటు ఒంటరిగా పోతే పర్వాలేదు, గుంపులో వెనకవాడి కళ్లు చెదురుతాయి. గుంపు లోపలివాళ్లు నిలకడగా వెలిగే లైటు పెట్టుకుని, చివరి మనిషి ఒక్కడే మెరిసేది పెట్టుకోవాలి.

ముంజకాయ
తిండి సంగతి ఎవరూ ఎత్తలేదేంటి! భీమిలిలో పూరీ, గారెలు అని ముందే అనుకుని ఉంటారు అందరూ.

డాక్టరమ్మ_సైకిలు
ఎత్తుతున్నా. బయల్దేరడానికి గంట ముందు రెండు ఇడ్లీలో రెండు అరటిపళ్లో. దారిలో గంటకొకసారి ఒక అరటిపండు, ఒక పల్లీ చిక్కీ ముక్క. ఆకలి వేశాక తినడం కాదు, వేయకముందే. భీమిలిలో ఇడ్లీ, ఉప్మా, అట్టు ఏదైనా సరే. నూనెలో వేగింది పూర్తిగా మానమని అనను, తిన్న వెంటనే తొక్కితే మాత్రం కడుపులో తిప్పుతుంది. పూరీ తినేవాళ్లు నలభై నిమిషాలు కూర్చోవాలి.

నీళ్లు డిసెంబరులో గంటకు అర లీటరు, వేసవిలో ముప్పావు లీటరుకు తగ్గకూడదు. ఓఆర్‌ఎస్ పొట్లం పెద్దది లీటరు నీళ్లకు లెక్కకట్టింది. చాలామంది అర లీటరు సీసాలో మొత్తం పొట్లం కలిపేస్తారు. అది చిక్కనై దాహం పెంచుతుంది, పిల్లలకైతే మంచిది కాదు. పొట్లం దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాలు చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా టీ చెంచా అయి తలకొట్టుగా ఉండాలి.

ముంజకాయ
నలభై నిమిషాలు కూర్చోవడానికి నాకేం అభ్యంతరం లేదు, కొబ్బరి బోండాలూ ఉంటాయి.

గోస్తనిగట్టు
ఆ నలభై నిమిషాలు కుర్చీలో గడపకండి. గోస్తని సముద్రంలో కలిసే చోటు, పాత లైట్‌హౌస్, డచ్చివారి సమాధులు అన్నీ నడిచే దూరంలో ఉన్నాయి. 1861లో మున్సిపాలిటీ అయిన ఊరు ఇది, పాత వీధులు ఉన్నాయి. సైకిళ్లు ఒకచోట కలిపి గొలుసు వేసి, ఇద్దర్ని కాపలా పెట్టి, వంతులవారీగా తిరిగి రండి.

నీళ్లలో మాత్రం దిగొద్దు. ఈ తీరమంతా లోపలికి లాగే ప్రవాహాలు ఉన్నాయి. పైకి ప్రశాంతంగా, అలలు విరగకుండా కనిపించే సందే లాగే చోటు. అలసిన కాళ్లతో చెమట పట్టి "ఒక్క మునక" అని దిగేవాళ్లే చిక్కుకుంటారు. లాగిందా, ఒడ్డుకు ఎదురీదకుండా ఒడ్డుకు సమాంతరంగా ఈదుకుంటూ పక్కకు బయటపడాలి. పిల్లలు ఉన్నారన్నారు కాబట్టి ఇంత చెప్తున్నా.

కాకినాడకుర్రాడు
తొట్లకొండ కూడా ఎక్కండన్నా, దారిలోనే కదా. వెళ్లేటప్పుడు ఎడమ పక్కే, రోడ్డు దాటక్కర్లేదు. రెండు వేల ఏళ్ల బౌద్ధ ఆరామం, పైనుంచి బీచ్ రోడ్డు మొత్తం కనబడుతుంది.

చివరిమనిషి
చోటు గొప్పదే. ఈ గుంపుతో వద్దు. 128 మీటర్ల ఎత్తు. సింగిల్ స్పీడ్ సైకిళ్లు సగానికి పైగా నడిపించుకుని ఎక్కాలి. అసలు కష్టం దిగేటప్పుడు. నల్ల సైకిలు రాడ్ బ్రేకులతో, పిల్లల సైకిలు అరిగిన రబ్బర్లతో పొడవైన దిగుడు దిగడం ప్రమాదం.

కాకినాడకుర్రాడు
సైకిళ్లు కింద పెట్టి నడిచి ఎక్కొచ్చు.

చివరిమనిషి
అలా అయితే సరే. కానీ గంట పోతుంది. ఆ గంట ఈశాన్యగాలి గారు చెప్పిన ఎనిమిది లోపు గంట. వేరే రోజు తొట్లకొండ, బావికొండ కలిపి పెట్టుకోండి, ఆ రెండింటికీ ఒక పూట పూర్తిగా ఇవ్వాలి.

గోస్తనిగట్టు
అదే మాట ఎర్రమట్టి దిబ్బలకూ. జాతీయ భౌగోళిక వారసత్వ స్థలం అది. ఆ మట్టి అంచులు చక్రం ఎక్కితే విరిగిపడతాయి, మళ్లీ కట్టుకోవు. సైకిళ్లు రోడ్డు పక్కన వదిలి నడిచి చూసి రండి, దిబ్బల అంచు ఎక్కొద్దు. మంగమారిపేట దగ్గర మత్స్యకారులు రోడ్డు పక్క వలలు ఆరేస్తారు, చేపలు ఎండబెడతారు. వాటి మీదుగా తొక్కడం కానీ, వలల మీద సైకిలు ఆనించడం కానీ చేయొద్దు. పెడల్ పళ్లు తగిలితే వల తెగుతుంది.

హైదరాబాదు_బండి
మాకూ ఇలాంటి రైడ్ పెట్టుకోవాలని ఉంది. సైకిళ్లు కారు వెనక ర్యాక్ మీద తెస్తే దింపాక గేర్లు సరిగ్గా పడవు. కేబుల్ బిగించినా ఒక గేరు దాటి ఇంకోటి పడుతుంది. ఎందుకు?

వాల్వురబ్బరు
కేబుల్ కాదు. చైనును గేరు నుంచి గేరుకు జరిపే వెనక డీరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న అల్యూమినియం కొక్కెం ఉంటుంది, దాన్ని హ్యాంగర్ అంటారు. ర్యాక్ మీద పక్క సైకిలు దానికి ఆనుకుంటే లోపలికి వంగుతుంది. సైకిలు వెనక నిలబడి చూడండి. డీరైలర్‌లోని రెండు చిన్న పళ్ల చక్రాలూ, పైన క్యాసెట్ (వెనక గేర్ల పళ్ల చక్రాల కట్ట) చక్రమూ ఒకే నిలువు గీతలో ఉండాలి. కింది చక్రం లోపలికి వాలి ఉంటే హ్యాంగర్ వంగినట్టే. ముఖ్యంగా వెనక ఉన్న అన్నిటికన్నా పెద్ద పళ్ల చక్రం మీదికి గేరు వేయకండి, డీరైలర్ స్పోకుల్లో పడి చక్రం నాశనమవుతుంది. వంచి సరిచేసే పనిముట్టు షాపులో ఉంటుంది. చేత్తో వంచితే విరుగుతుంది. ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారం, కాబట్టి మీ సైకిలుకు సరిపోయేది ఒకటి కొని సీటు కింద సంచిలో పెట్టుకోండి. ర్యాక్ మీద డీరైలర్ ఉన్న పక్క బయటికి వచ్చేలా ఎక్కించండి.

తెల్లారిబండి
పంచర్ సామాను ఎంత తీసుకెళ్లాలి? అందరూ అన్నీ మోయాలా?

వాల్వురబ్బరు
మీ గుంపులో మూడు రకాల వాల్వులు ఉంటాయి, అది గుర్తుంచుకోండి. గేర్ల సైకిళ్లలో కొన్నింటికి సన్న వాల్వు, కొన్నింటికి మోటారు సైకిలు లాంటి లావు వాల్వు, నల్ల సైకిళ్లకు లోపల రబ్బరు గొట్టం ఉండే పాత వాల్వు. పంపు తల మూడింటికీ పడుతుందో లేదో ఇంటి దగ్గరే చూడండి. సన్న వాల్వుకు ఇత్తడి అడాప్టర్ ఒకటి ఉంటే లావు వాల్వు పంపుతో కొట్టొచ్చు. పాత వాల్వుకు రబ్బరు గొట్టం ముక్కలు రెండో మూడో. ఆ సైకిళ్లలో "పంచర్" అనుకునే వాటిలో చాలావరకు ఆ రబ్బరు ఎండి పగలడమే, ట్యూబు బాగానే ఉంటుంది. ముందు వాల్వు మీద ఉమ్మి రాసి బుడగ వస్తుందేమో చూడండి.

మొత్తం గుంపుకు రెండు కిట్లు చాలు, లైనుకొకటి, చివరి మనిషి దగ్గర. ముందున్నవాడి దగ్గర ఉంటే పంచరైనవాడికి అందదు. ఒక్కో కిట్‌లో పంపు, టైరు లీవర్లు మూడు, ప్యాచ్‌లు పది, గీకే కాగితం, ప్యాచ్ అతికించే సొల్యూషన్ కొత్తది ఒకటి, అలెన్ కీలు 4, 5, 6, చైను కోసే పనిముట్టు, 15 స్పానర్ ఒకటి. సింగిల్ స్పీడ్ వెనక చక్రం నట్లకు స్పానర్ లేకపోతే ట్యూబు బయటికి రాదు. ట్యూబులు మాత్రం ఎవరి సైజుది వాళ్లే ఒకటి తెచ్చుకోవాలి, అందరికీ సరిపోయే ట్యూబంటూ ఉండదు.

సొల్యూషన్ ఒకసారి సీలు విప్పితే కొన్ని నెలలకే లోపల ఎండిపోతుంది. బయల్దేరే ముందు నొక్కి చూడండి.

ముంజకాయ
ప్యాచ్ వేసినా పది కిలోమీటర్లకు ఊడిపోతోంది కొందరికి. సొల్యూషన్ ఎక్కువ రాసినా అంతే.

వాల్వురబ్బరు
ఎక్కువ రాయడం వల్లే. కన్నం చుట్టూ ప్యాచ్ కంటే వెడల్పుగా గీకాలి, మెరుపు పోయి మచ్చగా కనబడేదాకా. ట్యూబు మీద అచ్చు పోసిన గీత ఉంటే దాన్ని కూడా చదును చేయాలి. లేదంటే ఆ గీత వెంట గాలి పోతుంది. సొల్యూషన్ పల్చగా రాసి నాలుగైదు నిమిషాలు ఆగాలి. వేలు ఆనిస్తే తడి అంటకూడదు. తడిగా ఉండగా అతికిస్తే లోపల చెమ్మ చిక్కి ప్యాచ్ జారుతుంది. అతికించాక మధ్య నుంచి అంచులకు గట్టిగా రుద్దండి.

అతికించే ముందు టైరు లోపల వేలితో మెల్లగా తడమండి. ఈ రోడ్డు మీద తుమ్మ ముల్లు, సీసా పెంకు, లారీ టైర్లు అరిగి రాలిన సన్న ఇనుప తీగ, మూడూ ఉంటాయి. తీగ కంటికి కనబడదు. గోరుకు తగిలితే పట్టకారుతో లాగండి. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే రెండు కిలోమీటర్లకు మళ్లీ పంచర్. కన్నాలు పక్కపక్కన రెండుంటే ముల్లు కాదు, గాలి తక్కువగా ఉండి గుంతలో ట్యూబు రిమ్ముకూ టైరుకూ మధ్య నలిగినట్టు. కన్నం ట్యూబు లోపలి వైపు, అంటే రిమ్ము వైపు ఉంటే రిమ్ టేపు జరిగి స్పోకు రంధ్రం తగులుతోంది.

ఈశాన్యగాలి
గాలి ఎంతో కూడా చెప్పండి, అందరూ బొటనవేలితో నొక్కి "గట్టిగా ఉంది" అంటారు.

వాల్వురబ్బరు
70 కిలోల మనిషికి 700×25 టైరులో (రెండో అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో) 85, 700×28లో 75, 700×35లో 50 నుంచి 55, ఎంటీబీ (మౌంటెన్ బైక్) రెండంగుళాల టైరుకు 40, నల్ల సైకిలుకు 40 నుంచి 45. అన్నీ పీఎస్‌ఐలో. వెనక టైరులో రెండు మూడు ఎక్కువ. పిల్లలకు పది శాతం తగ్గించండి. టైరు పక్కన అచ్చు వేసిన అంకెలు దాటొద్దు. ఎంటీబీలో అరవై కొడితే వేగం వస్తుందనుకుంటారు. ఈ రోడ్డు గీతల పట్టీల మీద చేతులు అదిరి, ఇసుకలో జారడం తప్ప ఒరిగేదేం లేదు.

డాక్టరమ్మ_సైకిలు
61 ఏళ్ల పెద్దాయన కోసం. సీటు ఎత్తు ఒక్కసారి చూడండి. పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ పెడల్ మీద పెడితే కాలు తిన్నగా చాపుకోవాలి, మామూలుగా తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగాలి. చాలామంది కాళ్లు రెండూ నేలకు ఆనాలని సీటు దించేసుకుంటారు. యాభై కిలోమీటర్లకు మోకాలి ముందు భాగం నొప్పి పుట్టేది అందుకే. అలవాటైన ఎత్తు నుంచి ఒకే రోజు మూడు సెంటీమీటర్లు పెంచకండి, రైడ్‌కు రెండు వారాల ముందు నుంచి కొంచెం కొంచెంగా. రక్తపోటు, గుండె మందులు వాడుతుంటే వాళ్ల డాక్టరును అడిగి రమ్మనండి. తొక్కుతుంటే ఛాతీలో బిగుతు, ఎడమ చెయ్యి లాగడం, చల్లటి చెమట కనిపిస్తే "భీమిలి దగ్గరే కదా" అనొద్దు. సైకిలు పక్కన పెట్టి, కూర్చోబెట్టి, 108.

పడి చర్మం గీరుకుంటే ముందు మంచి నీళ్లతో ఇసుక పూర్తిగా పోయేలా కడగాలి. ఇసుక ఉండగా మందు రాసి కట్టు కడితే చీము పడుతుంది. ఉత్త నీళ్ల సీసా ఒకటి అందుకే వేరుగా ఉంచండి, ఓఆర్‌ఎస్ కలిపింది పనికిరాదు.

తెల్లారిబండి
అరుపుల సంగతి కూడా చెప్పండి. పోయినసారి ఒకరు "గుంత" అంటే ఇంకొకరు చెయ్యి చూపించారు, ఎవరికీ అర్థం కాలేదు.

చివరిమనిషి
బ్రేకర్ల దగ్గర అనే "అందరూ" కాక నాలుగు మాటలు చాలు. "గుంత", "ఇసుక", "ఆగుతున్నాం" ముందు నుంచి వెనక్కి, "వెనక బండి" వెనక నుంచి ముందుకు. చెప్పినదాన్ని ప్రతి మనిషీ తిరిగి చెప్పాలి, లేదంటే మూడో మనిషి దగ్గర ఆగిపోతుంది. గాలి ఉన్న రోజు వెనకవాళ్ల అరుపు ముందుకు చేరదు, ఎదురుగాలి మింగేస్తుంది. చివరి మనిషి దగ్గర ఈల ఉండాలి. ఒక్క ఈల అంటే బండి వస్తోంది, రెండు అంటే ఆగండి. చెయ్యి చూపించేది కొత్తవాళ్లకు వద్దు, ఒక చేత్తో తొక్కుతూ గుంతలో పడతారు.

ఆగేటప్పుడు అందరూ తారు దిగి ఆగాలి. ఒక్కడి పంచర్‌కు పద్నాలుగు మందీ రోడ్డు అంచున నిలబడి చూడటం అన్నిటికన్నా ప్రమాదం. చివరి మనిషి, పంచరైన మనిషి, ఇంకొకరు ఉంటారు. మిగతావాళ్లు ముందు అనుకున్న చోటుకు వెళ్లి ఆగుతారు. ఆ చోట్లు తెన్నేటి పార్కు, రుషికొండ, మంగమారిపేట, భీమిలి, తిరుగులోనూ అవే.

కాకినాడకుర్రాడు
ఒప్పుకున్నా. స్పీడ్ కావాలంటే ఇంకో రోజు వెళ్తా. ఇందులో ముందు మనిషిగా నన్ను పెట్టుకోండి, 15 దాటను.

చివరిమనిషి
ముందు మనిషికి కావాల్సింది అదే. మీటరు ఉంటే హ్యాండిల్ మీద పెట్టు తమ్ముడూ, ఎదురుగాలిలో 15 కాదు, 13కైనా తగ్గించు. అంకె చూసి కాదు, నాలుగో స్థానంలో ఉన్న పిల్లాడు మాట్లాడగలుగుతున్నాడా లేదా చూసి. మాటలు ఆగిపోయాయంటే వేగం ఎక్కువైనట్టు.

గోస్తనిగట్టు
ఇంటికెళ్లాక సైకిలు కడగడం మర్చిపోకండి. ఉప్పు గాలి ఒక్క రోజులో కనబడదు, వారానికి స్పోకు నిప్పిళ్లు (స్పోకు చివరి చిన్న నట్లు), బోల్టు తలలు ఎర్రబడతాయి.

వాల్వురబ్బరు
అదే రోజు సాయంత్రం మంచి నీళ్లు మగ్గుతో పోసి కడగండి. కారు కడిగే పైపు ఒత్తిడితో చక్రం మధ్యలో, పెడల్ ఇరుసు దగ్గర కొట్టొద్దు, లోపలి గ్రీజు కొట్టుకుపోతుంది. చైను గుడ్డతో తుడిచి ఆరాక, ఒక్కో లింకు రోలరు మీద ఒక్కో చుక్క చైను నూనె. పది నిమిషాలు ఆగి పైపైన ఉన్నదంతా తుడిచేయాలి. కొబ్బరినూనె, వాడిన ఇంజిన్ ఆయిల్ పూస్తే ఇసుక పట్టుకుని చైనును అరగదీస్తుంది. డిస్క్ బ్రేకులుంటే ఆ రేకు మీద నూనె చుక్క కూడా పడకూడదు, పడితే బ్రేకు పట్టదు. సీటు పైపు బయటికి లాగి తుడిచి, పల్చగా గ్రీజు రాసి మళ్లీ దించండి. ఉప్పుకి అది ఫ్రేములో పట్టేస్తే తర్వాత తీయడం చాలా కష్టం.

తెల్లారిబండి
అందరి మాటా కలిపి మా వాళ్లకు పంపాను. 5.15కి ఆర్కే బీచ్‌లో సైకిళ్లు చూసుకుని, 5.45కి బయల్దేరి, 8.15కి భీమిలి, 9కి తిరుగు. ఒక్క ప్రశ్న మిగిలింది. మధ్యలో ఎవరైనా తొక్కలేకపోతే ట్రాలీ ఆటోలో సైకిలు ఎక్కించి పంపాలి. ఎలా కడితే దెబ్బ తినదు?

వాల్వురబ్బరు
నిలబెట్టి కట్టండి, పడుకోబెట్టొద్దు. పడుకోబెడితే కుడి పక్క మాత్రం పైకి ఉండాలి, డీరైలర్ అటే ఉంటుంది. ముందు చక్రం ట్రాలీ ముందు గోడకు ఆనించి, పాత ట్యూబు ముక్కతో ఫ్రేమును సీటు కింద, హ్యాండిల్ మెడ దగ్గర రెండు చోట్ల కమ్మీకి బిగించండి. నైలాన్ తాడు పెయింటు గీకుతుంది, కుదుపులకు వదులవుతుంది. కేబుళ్ల మీదుగా ముడి వేయొద్దు. ముందు బ్రేకు లివర్ నొక్కి రబ్బరు బ్యాండుతో కట్టేస్తే చక్రం దొర్లదు. రెండు సైకిళ్లు ఉంటే ఒకటి ముందుకూ ఒకటి వెనక్కీ తిప్పి పెట్టండి, పెడళ్లు తగిలే చోట గోనె సంచి మడిచి దోపండి. ట్యూబు ముక్కలు నాలుగు ఇప్పుడే కోసి కిట్‌లో వేసుకోండి.